సత్యం మాస్టారి పోరాటం రెండేళ్లకే ఎందుకు కూలిపోయింది?

కురుపాం మనవడు:
మా నాయనమ్మది గుమ్మలక్ష్మీపురం దగ్గర పల్లె. వెంపటాపు సత్యనారాయణ గారిని ఇప్పటికీ "మాస్టారు" అనే అంటుంది. బడిపంతులు సవర, జాతాపు గిరిజనుల కోసం సంఘం నడిపి, చివరికి తుపాకీ పట్టి, 1970 జులై 10న పోలీసుల తూటాలకు పోయారు. 1968 చివర్లో మొదలైన శ్రీకాకుళం సాయుధ పోరాటం రెండేళ్లు కూడా ఎందుకు నిలవలేదు? పోలీసు బలమొక్కటే కారణమా?

రిటైర్డ్ పంతులు, పార్వతీపురం:
బాబూ, తుపాకీ దగ్గర మొదలుపెడితే ఇది అర్థం కాదు. సావుకారు ఉప్పూ గుడ్డా అప్పిచ్చి, చింతపండు తనకు నచ్చిన ధరకు పట్టుకుపోయేవాడు. అప్పు తీరక భూమి పోయేది. ఆ భూమిలోనే రైతు కంబారిగా, అంటే పాలేరుగా మిగిలేవాడు. కూలి పెంచాలని, తాకట్టు భూములు వదలాలని గిరిజన సంఘం నిలబడింది. కొన్నిచోట్ల సాధించింది కూడా.

1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో సంఘం సభకు వెళ్తున్నవాళ్లపై లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. మరుసటి ఏడాది నిందితులను కోర్టు వదిలేసింది. మా నాన్న అప్పుడు ఏజెన్సీ బడిలో పనిచేసేవారు. ఆ తీర్పు తర్వాత సంతలో ఎవరూ గొంతెత్తి మాట్లాడలేదని చెప్పేవారు.

1969లో నక్సల్బరీ నాయకుడు చారు మజుందార్ లైను వచ్చింది, వర్గశత్రు నిర్మూలన అని, అంటే భూస్వాములను, సావుకార్లను చంపడం. తప్పు అక్కడే జరిగిందని నా గట్టి నమ్మకం. సంఘంతో ఊళ్లకు ఊళ్లు నడిచాయి. దళంలో ఉండేది కొద్దిమంది. వాళ్లు రాత్రి వచ్చి వెళ్తే, తెల్లారి దెబ్బలు తిన్నది ఊరు.

బొడ్డపాడు అల్లుడు:
సగమే ఒప్పుకుంటానండీ. ఉద్యమ నాయకులంతా వరసగా పోయారు: పంచాది కృష్ణమూర్తి 1969 మేలో, సుబ్బారావు పాణిగ్రాహి డిసెంబరులో, ఆ తర్వాత సత్యం, ఆదిభట్ల కైలాసం ఒకే రోజు. పోలీసులు ఎన్‌కౌంటర్ అన్నారు. పట్టుకుని కాల్చారని ఉద్యమం వైపు వాళ్లంటారు. లైను సరిదిద్దుకోవడానికి మనుషులు మిగలాలి కదా!

రిటైర్డ్ పంతులు, పార్వతీపురం:
అది కాదనలేను. ఇంకొకటి. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం 1970 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పటికి మాస్టారు బతికే ఉన్నారు, కొండల్లో. దాన్ని పట్టుకుని మళ్లీ సంఘం కట్టి ఉంటే అని ఇప్పటికీ బాధపడతాను.

కురుపాం మనవడు:
ఇవన్నీ నాయనమ్మకు ఫోన్‌లో చదివి వినిపించాను. లేవిడి పేరు రాగానే "ఆపు నాయనా" అంది. ఆదివారం ఊరెళ్తున్నాను. పక్కన కూర్చుని అడుగుతాను.