రెండు సర్వర్లు, మధ్యలో ఒక నాస్: చిన్న ఆఫీసుకి ఇది నిజంగా భద్రమేనా?

కొత్తరాక్:
ముప్పై మంది పనిచేసే ఆఫీసు మాది. ఇప్పుడు పాత టవర్ సర్వర్ ఒక్కటే ఉంది, డొమైన్ కంట్రోలర్ (అందరి లాగిన్లనీ చూసుకునేది), ఫైల్ షేర్లు, అకౌంటింగ్ డేటాబేస్, హాజరు సాఫ్ట్‌వేర్ అన్నీ దాని మీదే. వర్చువల్ మెషీన్లకి (వీఎంలు, అంటే ఒకే సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే విడివిడి కంప్యూటర్లు) మారడానికి ఎట్టకేలకు ఒప్పుకున్నారు. లెక్క వేస్తే ఐదారు వీఎంలు, మొత్తం డేటా 4 టీబీ, అన్నిటికీ కలిపి 80 జీబీ రామ్ తేలింది. సప్లయర్ ఇచ్చిన ప్లాన్ ఇది: రెండు సర్వర్లు, వాటికి ఐస్కజీతో (నెట్‌వర్క్ మీదుగా డిస్కుల్ని వాడుకునే పద్ధతి) కలిపిన ఒక నాస్ (వీఎంల డేటా అంతా ఉండే నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టె), అందులో 8 టీబీ హార్డ్ డిస్కులు నాలుగు, రెయిడ్ 5 (ఒక డిస్క్ పోయినా డేటా నిలిచే అమరిక). "ఒక సర్వర్ పోయినా రెండోదాని మీద అన్నీ లేస్తాయి, టెన్షన్ లేదు" అంటున్నారు. వినడానికి బాగానే ఉంది. ఇలాంటివి నడిపినవాళ్లు ఏమంటారు?

నైట్‌షిఫ్ట్_అడ్మిన్:
ఈ ప్లాన్ వద్దండి. సర్వర్ పోతే రెండోది ఉంది, సరే, మరి నాస్ పోతే? రెండు సర్వర్లూ బాగానే ఉంటాయి, నడపడానికి మాత్రం వాటి మీద ఏమీ ఉండదు. దీన్నే తలకిందుల పిరమిడ్ అంటారు: పైన రెండు సర్వర్లు, కింద నెట్‌వర్క్ స్విచ్, వాటన్నిటి బరువూ అట్టడుగున ఒక్క పెట్టె మీద. ఒక్క సర్వర్ ఉన్నప్పుడు దాని గురించి ఒక్కదాని గురించే బెంగ. ఇప్పుడు నాస్, స్విచ్, వాటి మధ్య కేబుళ్లు, ఐస్కజీ సెట్టింగులు అన్నీ సరిగ్గా ఉంటేనే ఆఫీసు నడుస్తుంది. ఖర్చు పెరిగి, ఆగిపోయే చోట్లు కూడా పెరిగాయి.

డబుల్‌పవర్:
అంత తీసిపారేయాల్సిన ప్లాన్ కాదు. షేర్డ్ స్టోరేజ్ (రెండు సర్వర్లూ వాడుకునే ఇలాంటి ఉమ్మడి నాస్) ఉంటే పనివేళల్లోనే వీఎంలన్నిటినీ రెండో హోస్ట్ (వీఎంలని నడిపే సర్వర్) మీదికి జరిపి, మొదటిదాన్ని ప్యాచ్ చేసి, రీబూట్ చేసుకోవచ్చు, ఎవరికీ తెలియను కూడా తెలియదు. సర్వర్లో మదర్‌బోర్డు, మెమరీ లాంటివి పోతే వాటికి జవాబు రెండో హోస్టే. నాస్‌లో పవర్ సప్లైలు రెండు, నెట్‌వర్క్ పోర్టులు నాలుగు, డిస్కులకి రెయిడ్. ఇంకేం కావాలి?

నైట్‌షిఫ్ట్_అడ్మిన్:
ఆ నాస్‌లో కంట్రోలర్లు (డిస్కుల్ని నడిపే బోర్డులు) ఎన్ని? అడగాల్సింది అది. చిన్న ఆఫీసులకి అమ్మే నాస్‌లు చాలావరకు లోపల ఒకే బోర్డు, ఒకే ప్రాసెసర్, ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న మామూలు కంప్యూటర్లే. పవర్ సప్లైలు రెండున్నా బోర్డు ఒకటే. నిజమైన డ్యూయల్ కంట్రోలర్ స్టోరేజ్ వేరే తరగతి, దాని ధరా వేరే, ముప్పై మంది ఆఫీసుకి అది అవసరం లేదు.

నేను చూసుకునే ఒక చోట సరిగ్గా ఇదే అమరిక ఉండేది. పనివేళల్లో ఎవరో నాస్‌కి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ నొక్కారు, అది రీబూట్ అయి తిరిగి లేవడానికి కొన్ని నిమిషాలు పట్టింది. ఆ కాసేపట్లో విండోస్ వీఎంలలో మౌస్ కదులుతుంది గానీ దేని మీద క్లిక్ చేసినా తెరుచుకోదు. లినక్స్ వీఎం కన్సోల్ తెరిస్తే డిస్క్ ఎర్రర్లు వరసగా దిగుతున్నాయి, చివర్లో ఫైల్ సిస్టమ్ రీడ్-ఓన్లీలోకి వెళ్లిపోయిందన్న వరస. నాస్ తిరిగొచ్చాక కూడా ఆ వీఎం తనంతట తాను కోలుకోలేదు, రీబూట్ చేసి ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్ తప్పులు సరిచేసే ప్రోగ్రామ్) నడిపించాల్సి వచ్చింది. అక్కడ ఏదీ పాడవలేదు. ఒక అప్‌డేట్ అయింది, అంతే. రెండు సర్వర్లూ పచ్చ లైట్లతో వెలుగుతూనే ఉన్నాయి, ఆఫీసు మొత్తం ఆగిపోయింది.

ఇక పనివేళల్లో వీఎంలు జరపడానికి షేర్డ్ స్టోరేజే ఉండాలన్నది పాతకాలం మాట. హైపర్-వీలో (విండోస్‌లో వీఎంలు నడిపే సాఫ్ట్‌వేర్) విండోస్ సర్వర్ 2012 నుంచే షేర్డ్ స్టోరేజ్ లేకుండా లైవ్ మైగ్రేషన్ (నడుస్తున్న వీఎంని ఆపకుండా జరపడం) ఉంది. అలాంటిదే అయిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ప్రాక్స్‌మాక్స్‌లో కూడా లోకల్ డిస్కులతో నడుస్తున్న వీఎంని జరపొచ్చు. డిస్క్ కూడా కాపీ అవ్వాలి కాబట్టి సమయం పడుతుంది, నిజమే. సర్వర్ల మధ్య 10 గిగాబిట్ లింక్ నేరుగా వేసుకుంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

డిస్క్‌లెక్క:
నాస్ గొడవ మీరిద్దరూ తేల్చుకోండి, నాకు భయం వేసింది ఆ నాలుగు డిస్కుల రెయిడ్ 5 చూసి.

7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ ర్యాండమ్ పనిలో (డిస్క్ మీద అక్కడక్కడా చదవడం, రాయడం) సెకనుకి 75 నుంచి 100 ఆపరేషన్లు చేస్తే గొప్ప. నాలుగు కలిపితే చదవడానికి మూడు నాలుగు వందలు. రాయడానికి వచ్చేసరికి రెయిడ్ 5లో ప్రతి చిన్న రైట్‌కీ పాత డేటా చదవాలి, పాత ప్యారిటీ (డిస్క్ పోతే డేటాని తిరిగి లెక్కగట్టడానికి ఉంచేది) చదవాలి, కొత్త డేటా, కొత్త ప్యారిటీ రాయాలి, అంటే నాలుగు పనులు. కాష్ సాయం పక్కన పెడితే నాలుగు డిస్కులూ కలిసి రాసేది ఒక్క డిస్క్ రాసినంతే. డొమైన్ కంట్రోలర్, డేటాబేస్, యాంటీవైరస్ స్కాన్, విండోస్ అప్‌డేట్లు అన్నీ ఒకే ఉదయం దాని మీద పడితే ఏమవుతుందో ఊహించుకోండి. "సర్వర్ స్లోగా ఉంది" అని ఫోన్లు వస్తాయి, సీపీయూ చూస్తే 5 శాతం దగ్గర ఉంటుంది, ఎవరికీ అర్థం కాదు.

రెండోది రీబిల్డ్ (కొత్త డిస్క్‌లోకి డేటాని తిరిగి నింపడం). ఒక డిస్క్ పోయి కొత్తది పెట్టారనుకోండి. 8 టీబీని సెకనుకి 180 ఎంబీ చొప్పున రాసినా 12 గంటలు దాటుతుంది, పక్కన వీఎంలు నడుస్తుంటే అంతకు ఎంతో ఎక్కువ. ఆ సమయమంతా మిగిలిన మూడు డిస్కుల్లో ఉన్న 24 టీబీనీ తప్పు లేకుండా చదవగలగాలి. మామూలు డిస్కుల స్పెసిఫికేషన్‌లో 10^14 బిట్లకి ఒక చదవలేని సెక్టార్ దాకా ఉండొచ్చని రాస్తారు, అంటే 12.5 టీబీకి ఒకటి. నిజంగా డిస్కులు అంతకంటే బాగానే పనిచేస్తాయి కాబట్టి రీబిల్డ్ తప్పకుండా ఫెయిలవుతుందని నేను అనను, కానీ ఆఫీసు మొత్తాన్ని ఆ నమ్మకం మీద పెట్టను.

మీ డేటా 4 టీబీయే కదా. ఒక్కో సర్వర్లో 3.84 టీబీ ఎంటర్‌ప్రైజ్ ఎస్‌ఎస్‌డీలు నాలుగు, రెయిడ్ 10 లేదా జెడ్‌ఎఫ్‌ఎస్ (ఒక ఫైల్ సిస్టమ్) మిర్రర్లు, రెండిట్లోనూ ప్రతిదీ రెండు డిస్కుల మీద ఉంటుంది. 7.68 టీబీ వస్తుంది, జెడ్‌ఎఫ్‌ఎస్ అయితే 80 శాతం దాటనివ్వకుండా వాడినా ఇంకా చోటు ఉంటుంది. పవర్ లాస్ ప్రొటెక్షన్ (కరెంటు పోయినా రాత పూర్తిచేయనిచ్చే కెపాసిటర్లు) ఉన్నవే తీసుకోండి, దీని గురించి గట్టిగా చెబుతున్నాను. ఆ కెపాసిటర్లు లేని మామూలు ఎస్‌ఎస్‌డీలు డేటాబేస్ చేసే సింక్ రైట్ల (డిస్క్ మీద భద్రంగా చేరేదాకా ఆగే రాతలు) దగ్గర చతికిలబడతాయి, కరెంటు పోయినప్పుడు కాష్‌లో ఉన్నదాన్నీ కాపాడలేవు.

ఒక్కటిచాలు:
అందరూ రెండు సర్వర్ల దగ్గరే మొదలుపెడుతున్నారు. అసలు ఆఫీసు ఎన్ని గంటలు ఆగితే నష్టమో ఎవరైనా అడిగారా? నాలుగు గంటలు ఆగినా పర్వాలేదంటే ఒక మంచి సర్వర్, ఈసీసీ మెమరీ (చిన్న తప్పుల్ని తనే సరిదిద్దుకునేది), పవర్ సప్లైలు రెండు, నాలుగు గంటల్లో మనిషిని పంపే సపోర్ట్ కాంట్రాక్ట్, యూపీఎస్, మంచి బ్యాకప్, అయిపోయింది. మంచి హార్డ్‌వేర్ అంత తేలిగ్గా పోదు. క్లస్టర్ (కలిసి పనిచేసే సర్వర్ల గుంపు) పెట్టి దాన్ని అర్థం చేసుకోలేక ఆపేసుకున్న ఆఫీసులే నాకు ఎక్కువ తగిలాయి.

డబుల్‌పవర్:
నాలుగు గంటల్లో మనిషి వస్తాడు, సర్వర్ లేచినట్టు కాదు. రెయిడ్ కార్డు పోతూ పోతూ డేటాని కూడా పాడుచేసిందనుకోండి, బ్యాకప్ నుంచి తేవాలి. 4 టీబీని 1 గిగాబిట్ నెట్‌వర్క్ మీద సెకనుకి 110 ఎంబీ చొప్పున తెస్తే పది గంటలు. ఒక పనిదినం పూర్తిగా పోయింది. ఒక్క సర్వర్ చాలనేవాళ్లు రీస్టోర్ గంటల్ని కూడా లెక్కలో చూపించాలి.

ఒక్కటిచాలు:
ఆ లెక్క న్యాయమే. అయితే మొదట లేపాల్సింది డొమైన్ కంట్రోలర్, అకౌంటింగ్, రెండూ కలిపి 4 టీబీ ఉండవు కదా. పాత ఫైల్ షేర్లు సాయంత్రానికి వచ్చినా పని నడుస్తుంది. ఏ వీఎం ముందు, ఏది తర్వాత అని రాసిపెట్టుకుంటే ఆ పది గంటలు చాలా తగ్గుతాయి.

నైట్‌షిఫ్ట్_అడ్మిన్:
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది కాబట్టే నేను మధ్యలో నిలబడతాను: సర్వర్లు రెండు, డిస్కులు ఎవరివి వాళ్లకి, ఒకదాని నుంచి ఇంకోదానికి రెప్లికేషన్ (వీఎంల కాపీని కొద్దిసేపటికోసారి తాజా చేయడం). నాస్‌కి పెట్టే డబ్బు ఎస్‌ఎస్‌డీలకి పెట్టండి. ప్రాక్స్‌మాక్స్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ రెప్లికేషన్ మామూలుగా 15 నిమిషాలకోసారి నడుస్తుంది, ఇంకా తగ్గించుకోవచ్చు. హైపర్-వీ రెప్లికాలో 30 సెకన్లు, 5 నిమిషాలు, 15 నిమిషాలు అని మూడు ఎంపికలు. ఒక సర్వర్ పూర్తిగా పోతే ఆఖరి రెప్లికా తర్వాత చేసిన పని పోతుంది, అంతవరకు అకౌంట్స్ వాళ్లు మళ్లీ ఎంట్రీ చేసుకోగలరా అని వాళ్లనే అడగండి.

రామ్ సంగతి. వీఎంలన్నీ ఒకే సర్వర్ మీద నిలబడగలగాలి, లేకపోతే రెండోది ఉండి ఉపయోగం లేదు. మీకు కావాల్సింది 80 జీబీ, దాని పైన హోస్ట్‌కి, జెడ్‌ఎఫ్‌ఎస్ కాష్‌కి కావాలి, కాబట్టి ఒక్కోదాంట్లో 128 జీబీ. సగం ఖాళీగా ఉందని అందులో కొత్త వీఎంలు పెట్టడం మొదలుపెడతారు చూడండి, అప్పుడే మొత్తం ప్లాన్ చెడుతుంది. ప్రాసెసర్ కోర్లని కొంచెం అతిగా పంచినా సర్దుకుంటుంది, మెమరీని పంచకండి.

డబుల్‌పవర్:
నాస్ విషయంలో నా పట్టు వదులుతున్నాను, రెండు కంట్రోలర్లు లేకపోతే ఆ డబ్బు దండగే. కానీ ఒకటి చెప్పకుండా వదిలేశారు. ప్రాక్స్‌మాక్స్ క్లస్టర్‌లో రెండే నోడ్లు (సర్వర్లు) ఉంటే ఒకటి పోగానే రెండోదానికి మెజారిటీ ఓట్లు ఉండవు, కోరం పోతుంది, అది కొత్తగా ఏ వీఎంనీ స్టార్ట్ చేయనివ్వదు. మూడో ఓటు కోసం క్యూడివైస్ పెట్టాలి, ఏ చిన్న లినక్స్ పెట్టె అయినా చాలు, ఆ రెండు సర్వర్ల మీద వీఎంగా మాత్రం కాదు. ఈ ముక్క చెప్పకుండా "రెండు సర్వర్లు చాలు" అంటే అవతలివాళ్లకి అన్యాయం.

లైసెన్స్‌గోల:
హార్డ్‌వేర్ ఆర్డర్ పెట్టకముందే ఇది చూసుకోండి. విండోస్ సర్వర్ స్టాండర్డ్‌కి సర్వర్లో ఉన్న ప్రతి కోర్‌కీ లైసెన్స్ కావాలి, తక్కువలో తక్కువ 16 కోర్లు. అలా మొత్తం కోర్లకి ఒకసారి కడితే రెండు విండోస్ వీఎంలకి హక్కు. నాలుగు కావాలంటే మళ్లీ మొత్తం కోర్లకి కట్టాలి. కోర్లు ఎక్కువ ఉంటే మంచిదని 32 కోర్ల ప్రాసెసర్ తీసుకుంటే లైసెన్స్ ఖర్చు రెట్టింపు, ముప్పై మందికి ఆ కోర్లతో పనీ లేదు. 16 కోర్లు, ఎక్కువ క్లాక్ స్పీడ్ ఉన్నది చూడండి. వీఎంలు రెండు సర్వర్ల మీదా నడిచే అవకాశం ఉంటే రెండిటికీ లైసెన్స్ ఉండాలి, ఒకదాని లైసెన్స్‌ని 90 రోజుల లోపు ఇంకోదానికి మార్చకూడదన్నది మామూలు నియమం. లినక్స్‌తో సరిపోయే పని ఏదుంటే అది లినక్స్ వీఎంలో పెట్టండి.

వీఎంవేర్ (ఇదీ వీఎంలు నడిపే సాఫ్ట్‌వేరే) గురించి ఎవరూ ఎత్తలేదు. బ్రాడ్‌కామ్ 2023 నవంబర్‌లో దాన్ని కొన్నాక ఒకసారి కొని ఎప్పటికీ వాడుకునే లైసెన్సులు అమ్మడం ఆగిపోయింది, ఇప్పుడంతా చందా. చిన్న ఆఫీసు కొత్తగా మొదలుపెట్టేటప్పుడు హైపర్-వీ, ప్రాక్స్‌మాక్స్ ఈ రెండింటిలో మీ చేతికి అలవాటైనది ఎంచుకోండి.

కొత్తరాక్:
అందరికీ చాలా థ్యాంక్స్. సప్లయర్‌ని అడిగాను, నాస్‌లో కంట్రోలర్ ఒక్కటే అని ఒప్పుకున్నారు. అకౌంట్స్ వాళ్లు పావుగంట పని మళ్లీ చేసుకోగలమన్నారు. కాబట్టి రెండు సర్వర్లు, ఒక్కోదాంట్లో ఎస్‌ఎస్‌డీలు నాలుగు, 128 జీబీ, మధ్యలో 10 గిగాబిట్ కేబుల్. రెప్లికా ఎలాగూ ఉంటుంది కాబట్టి బ్యాకప్ రాత్రికి ఒకసారి అదే రెండో సర్వర్‌లోకి తీస్తే చాలదా?

నైట్‌షిఫ్ట్_అడ్మిన్:
చాలదు, దయచేసి ఈ ఒక్కటి మాత్రం తగ్గించకండి. ఎవరో ఫోల్డర్ డిలీట్ చేసినా, రాన్సమ్‌వేర్ ఫైళ్లన్నీ ఎన్‌క్రిప్ట్ చేసినా పావుగంటలో రెప్లికా కూడా అచ్చం అలాగే తయారవుతుంది. బ్యాకప్ మూడో పెట్టెలో ఉండాలి. ఆ రెయిడ్ నాస్ కొనాలని ఉంటే ఇక్కడికి కొనండి, ఈ పనికి హార్డ్ డిస్కులే సరైనవి, నాలుగు డిస్కులకి రెయిడ్ 6 (రెండు డిస్కులు పోయినా నిలిచేది). దాన్ని డొమైన్‌లో చేర్చకండి, పాస్‌వర్డ్ వేరే పెట్టండి, ఎందుకంటే డొమైన్ అడ్మిన్ అకౌంట్ చేజిక్కించుకున్నవాడు మొదట వెతికేది బ్యాకప్‌నే. ఇంకో కాపీ ఆఫీసు బయట. క్యూడివైస్ కూడా ఈ పెట్టెలోనే పెట్టుకోవచ్చు.

డిస్క్‌లెక్క:
ఆ నాస్‌కి డిస్కులు కొనేటప్పుడు సీఎంఆర్ అని రాసి ఉందో లేదో చూడండి. ఎస్‌ఎంఆర్ డిస్కులు (ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంత పడేలా రాసేవి) రీబిల్డ్‌లో బాగా నెమ్మదిస్తాయి. నాస్‌ల కోసమే అమ్మిన కొన్ని వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కులు ఎస్‌ఎంఆర్ అని 2020లో బయటపడి పెద్ద గొడవే అయింది, కాబట్టి పెట్టె మీద నాస్ అని ఉంటే చాలదు, మోడల్ నంబర్ పట్టుకుని స్పెసిఫికేషన్ చదవాలి.

డబుల్‌పవర్:
చివరిగా, హైపర్-వీ వైపు వెళ్తే హోస్ట్‌కి లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ బయట రాసి పెట్టుకోండి. హోస్ట్ డొమైన్‌లో ఉండి, డొమైన్ కంట్రోలర్ ఆ హోస్ట్ మీదే ఆగిపోయిన వీఎం అయితే లాగిన్ దగ్గరే చిక్కుకోవచ్చు. రెండో డొమైన్ కంట్రోలర్‌ని రెండో సర్వర్ మీద పెట్టండి, దాన్ని రెప్లికేట్ చేయక్కర్లేదు, డొమైన్ కంట్రోలర్లు వాటిలో అవే సమాచారం పంచుకుంటాయి. రెప్లికాని చేత్తో లేపే పద్ధతి స్టెప్పులవారీగా కాగితం మీద ప్రింట్ తీసి సర్వర్ రాక్ తలుపుకి అంటించండి. అది ఫైల్ సర్వర్లో దాచుకుంటే, కావాల్సిన రోజున ఫైల్ సర్వరే లేచి ఉండదు.