"త్రాహిమాం క్రీస్తునాథ": ఆ దేహి ఏ దేహి?

తాటాకు: రెండు రోజులుగా ఒక పల్లవి నన్ను వదలడం లేదు. "త్రాహిమాం క్రీస్తునాథ దయ జూడ రావే, నేను దేహి యనుచు నీ పాదములే దిక్కుగా జేరితి నిపుడు." క్రైస్తవ కీర్తనలు రాసిన తెలుగు కవి పురుషోత్తమ చౌదరిగారిది. మా అమ్మమ్మ చివరి "నిపుడు" దగ్గర కాసేపు ఆగి, చెంగు సర్దుకుని, మళ్ళీ ఎత్తుకునేది. చేరితిని, ఇపుడు. ఆ ఇపుడు ఎప్పటిది? ఆయన 1833లో కటకంలో (కటక్‌లో) బాప్తిస్మం పొందిన నాటిదా, లేక పాడే ప్రతివాడి ఇపుడా?

పాతపుస్తకం: ఇపుడు సంగతి తరవాత చూద్దాం, ముందు "దేహి" తేలాలి. అందరూ దాన్ని "ఇయ్యి" అనే యాచన అనుకుంటారు. నా మటుకు అది దేహధారి. "నేను దేహి" అని పక్కపక్కనే ఉన్నాయి చూడండి. గీతలోని "నవాని దేహీ" తెలుగులోకి వచ్చేసరికి చివర హ్రస్వమై దేహి అవుతుంది. పైగా మొదటి చరణంలోనే "గవ్వ చేయరాని" అంటూ కర్మేంద్రియాలను తలచుకుంటారు. ఇంద్రియాల చేత చిక్కినవాడు తనను దేహి అని చెప్పుకోవడంలో ఎంత బరువుందో!

లఘువు గురువు: ఒప్పుకోను. దేహి అనడమంటే చేయి చాచడమే, అది తెలుగువాడి నోట నానిన పలుకుబడి. "నేను" అన్నది "చేరితిని"కి కర్త, దేహికి విశేష్యం కాదు. ఆ "నేను"ను ఎత్తుగడగా పక్కన పెట్టి చదవండి: త్రాహి, దేహి. రెండో అక్షరం హికారం, ప్రాస కుదిరింది. రెండూ సంస్కృతంలో లోట్, అంటే "చెయ్యి" అని కోరే క్రియారూపం, మధ్యమ పురుష ఏకవచనాలే: కాపాడు, ఇయ్యి. సంస్కృతం తెలిసిన కవి ఈ జంటను ఊరికే వేయడు.

పాతపుస్తకం: ప్రాస కుదిరినంత మాత్రాన అర్థం కూడా జంట కావాలని ఎక్కడుంది?

మామిడితోపు: ఇద్దరూ "రావే"ను దాటిపోయారు. ఆ మాట వినగానే నాకు పోతన గజేంద్రుడే గుర్తొస్తాడు. "రావే యీశ్వర! కావవే వరద!" ఆ పద్యంలో ముందు ఏముంది? ప్రాణాలు ఠావులు తప్పాయి, మూర్ఛ వచ్చింది, తనువు డస్సింది. ఒళ్ళు ఓడిపోయాకే రావే అన్న పిలుపు వచ్చింది. అందుకే దేహధారి అన్న అర్థం వైపే మొగ్గుతాను. ఆ పద్యం చదివిన ప్రతిసారీ "దీనునిన్" దగ్గర నా గొంతు పూడుకుపోతుంది. తెలుగులో శరణాగతికి అంతకు మించిన గొంతు లేదు.

లఘువు గురువు: పోతన భాగవతంలో అదే అష్టమ స్కంధంలో వామనుడి ముందు బలి కూడా ఉన్నాడు. ఇచ్చేవాడిది పై చేయి, అడిగేవాడిది కింది చేయి అన్న ముచ్చటంతా అక్కడిదే. పోతన సాక్ష్యం నాకూ చెల్లుతుంది.

ఏటిగట్టు: చౌదరిగారు కవి మాత్రమే కాదు, బోధకుడు కూడా. పూర్వికులు బెంగాల్ వారు, పెరిగింది పర్లాకిమిడి సీమ. 1803లో పుట్టి 1890లో కన్నుమూసేదాకా గంజాం, శ్రీకాకుళం ప్రాంతాల జనానికి నోటిమాటగా చెప్పినవాడు. పద్యం చదువుకునేవారికి ఆయన "నిస్తార రత్నాకరము" ఉంది, కీర్తన మాత్రం వినేవారి కోసం. అక్షరం రాని మనిషి చెవిన దేహి పడితే మొదట మెదిలేది గుమ్మం ముందు చాచిన చేయే. గీత తరవాతి మాట. బోధకుడికి ఆ సంగతి తెలియకుండా ఉండదు.

పాతపుస్తకం: మంచి మాట. కానీ వినేవాడికి ఒక అర్థం, ఆలోచించేవాడికి ఇంకొకటి పెట్టడం కూడా బోధకుడి నేర్పే. అన్నట్టు నిస్తారమంటే దాటడం, రత్నాకరమంటే సముద్రం. ఆ పేరులో సముద్రాన్ని పెట్టినవాడికి శ్లేష, అంటే ఒకే మాటలో రెండు అర్థాలు, కొత్త కాదు.

మామిడితోపు: మా సంఘంలో "దేహీ" అని సాగదీస్తారు. అప్పుడు హికారం దీర్ఘమై గీతలోని మాటే అయిపోతుంది కదా!

లఘువు గురువు: రాగం కోసం సాగిన అచ్చును వ్యాకరణానికి సాక్షిగా తేకండి.

తాటాకు: నా ఇపుడు అక్కడే ఉండిపోయింది. అయినా మీ మాటలు చదువుతూ మళ్ళీ గుర్తు చేసుకున్నాను. అమ్మమ్మ "హి"ని సాగదీసేది కాదు, టక్కున తుంచేది. సాగదీసేది "నిపుడు"నే. "పు" మీద ఊపిరంతా పెట్టేది.