బతుకమ్మకు తొమ్మిది రోజుల వంటలు తప్పనిసరా?

పాలమూరు_పునాస:
మా కాలనీ గ్రూపులో ప్రతి ఏడూ ఒక లిస్టు తిరుగుతుంది. అమావాస్య నాడు ఎంగిలిపూలు, తర్వాత అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆపైన వేపకాయలు, వెన్నముద్దలు, చివరికి సద్దులు. అచ్చంపేట దగ్గర మా ఊళ్లో అమ్మవాళ్లు పేర్చింది మొదటి రోజు, సద్దుల రోజు మాత్రమే. నడుమ రోజుల్లో పునాస పంట కోతలు ఉండేవి, ఆడవాళ్లంతా చేనులోనే. మీ ఊళ్లలో ఎట్లా చేసేవారు?

మిర్యాలగూడ_పెద్దాయన:
తొమ్మిది రోజులూ చెయ్యాల్సిందే. 2014లో రాష్ట్ర పండుగ అయింది, ఇప్పుడు మనమే తగ్గించుకుంటే ఎట్లా? ఇంకో మాట. సద్దుల రోజు గోధుమ రొట్టెలో చక్కెర కలిపి మలీద అంటున్నారు. మలీద అంటే జొన్న రొట్టె, బెల్లం, నెయ్యి. అంతే.

గునుగుపువ్వు:
వేములవాడలో సద్దులు ఏడో రోజే. వాళ్లది బతుకమ్మ కాదా?

నకిరేకల్_కోడలు:
పెద్దాయనా, 1967లో సాగర్ నీళ్లు వచ్చాక మీ వైపు చేలన్నీ వరి మళ్లు అయ్యాయి. జొన్న పండించడం మానేసి, జొన్న మలీద లేదని మమ్మల్ని అంటే ఎట్లా?

మిర్యాలగూడ_పెద్దాయన:
జొన్నలు కొనుక్కోవచ్చు కదమ్మా. పండించకపోతే తినకూడదా?

పాలమూరు_పునాస:
జొన్నతో పాటు బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు కూడా పోయింది. అది జొన్న చేలల్లో దానంతట అదే మొలిచేది. ఇప్పుడు పత్తికి గడ్డిమందు కొడుతుంటే గునుగు ఎక్కడ మిగులుతుంది? తంగేడు కోసం గుట్టల దాకా పోతున్నాం. నా బాధ పూల గురించి, మీరేమో మలీద దగ్గరే ఆగారు.

మిర్యాలగూడ_పెద్దాయన:
ఒక్కొక్కటీ వదిలేస్తూ పోతే చివరికి పూలు కూడా మిగలవు. అదే నేను చెప్పేది.

నకిరేకల్_కోడలు:
ఎవరు వదిలేస్తున్నారు? పెళ్లైన మొదటి ఏడు, అట్ల రోజున ఆఫీసు నుంచి రాత్రి వచ్చాను. టిఫిన్ సెంటర్ నుంచి అట్లు తెచ్చాను. అత్తమ్మ గౌరమ్మ ముందు పెట్టనివ్వలేదు, వాడకట్టులో అందరి ముందూ తిట్టింది. మా బావగారు ఫోన్ తీసి ఈ లిస్టే చదివి వినిపించారు. ఆయన ఒక్క అట్టు పోసింది లేదు. నేను పూలకు అడ్డు చెప్పలేదు, పాటకు అడ్డు చెప్పలేదు. తొమ్మిది రోజులు వండేది ఎవరో ఆ లిస్టులో లేదు.

సూర్యాపేట_తమ్ముడు:
అక్క చెప్పింది నిజం. మా ఇంట్లోనూ ఇదే గొడవ.

మిర్యాలగూడ_పెద్దాయన:
నీకు జరిగింది తప్పే తల్లీ. కానీ మా మనవరాలు హైదరాబాద్‌లో పుట్టింది. తొమ్మిది రోజుల పేర్లు ఆ లిస్టు చూసే నేర్చుకుంది. ఊరు లేదు, చేను లేదు. ఆ లిస్టు కూడా వద్దంటే ఆ పిల్లకు ఎవరు చెబుతారు?

నకిరేకల్_కోడలు:
మీరే చెప్పండి. ముద్దపప్పు రోజు మీరే వండి, పక్కన కూర్చోబెట్టుకొని చెప్పండి.

మిర్యాలగూడ_పెద్దాయన:
మా ఇంట్లో మగవాళ్లు నైవేద్యం వండే పద్ధతి లేదు.

నకిరేకల్_కోడలు:
అయితే తొమ్మిది రోజులు చెయ్యాల్సిందే అని మాకు చెప్పకండి.

గునుగుపువ్వు:
నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర గునుగు కట్టలు వచ్చాయా? ఎవరైనా చూస్తే ధర చెప్పండి.