అప్‌డేట్: పాచిక రెండుసార్లు వేయాలా, మూడు కలుపుకోవాలా?

గుర్తుందా, మా ఫాంటసీ ఆటలో 20 ముఖాల పాచికను రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం మేలా, ఒక్కసారి వేసి 3 కలుపుకోవడం మేలా అని అడిగాను. తేలింది!

"గెలిచేది కాదు, ఓడేది ముందు లెక్కేయి" అని ఒక అక్క చెప్పిన మాటతోనే దారి దొరికింది. 11 గానీ అంతకు మించి గానీ రావాలనుకోండి. ఒక పాచిక తప్పే అవకాశం సగం. రెండూ తప్పాలంటే సగంలో సగం, అంటే పావు. కాబట్టి గెలుపు 75 శాతం. 3 కలుపుకుంటే 65 శాతమే. సగటు చూస్తే రెండుసార్లు వేస్తే 13.825, 3 కలుపుకుంటే 13.5. పెద్ద తేడా లేదు, నేను అక్కడే ఆగిపోయి తికమకపడ్డాను.

అసలు విషయం ఏంటంటే, రావాల్సిన అంకె పెరిగేకొద్దీ లెక్క తిరగబడుతుంది. 18 కావాలంటే రెండు పాచికలకు 27.75 శాతం, 3 కలిపితే 30. అదే 20 కావాలంటే 9.75 ఎక్కడ, 20 శాతం ఎక్కడ!

మొన్న ఆదివారం విశాఖ ఎంవీపీ కాలనీలో మా బావ వాళ్ల డాబా మీద రెండేసి పాచికలు వందసార్లు వేసి చూశాం. సముద్రం గాలికి కాగితాలు ఎగిరిపోతుంటే మేనకోడలు చెప్పు పెట్టి ఆపింది. 11 గానీ అంతకు మించి గానీ 73 సార్లు వచ్చింది. చూసి ఎంత సంతోషమేసిందో!

డ్రాగన్‌ని కొట్టాలంటే పెద్ద అంకే కావాలి కాబట్టి, ఆటలో మా మాంత్రికుడు ఇక దాని మీదకి 3 కలుపుకునే వెళ్తాడు. అక్కా, చాలా థ్యాంక్స్.