తుఫాను అలలప్పుడు బీచ్ మూసేస్తే మా సర్ఫర్లు ఎవరిని అడగాలి?

వైజాగ్‌లో సర్ఫింగ్ చేసేవాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి. మంచి అల కోసం అక్టోబరు, నవంబరు వాయుగుండాల మీద ఆశ పెట్టుకుంటాం. తీరా అల లేచేసరికి రుషికొండలో తాడు కట్టేసి, విజిల్ ఊది వెనక్కి పంపేస్తారు.

గాలివాన రోజు మూసేస్తే నాకేం అభ్యంతరం లేదు. 2014లో హుద్‌హుద్ చూసిన ఊరు, ఆ భయం అర్థమవుతుంది. గొడవంతా ఆ తర్వాతి రోజులదే. తుఫాను ఎక్కడో ఒడిశా వైపు తీరం దాటేసి ఉంటుంది, ఇక్కడ గాలి పడిపోతుంది, 10-12 సెకన్లకొకటి చొప్పున అలలు నున్నగా, వరసగా వస్తుంటాయి. అప్పుడూ తాడు తీయరు. ఎప్పుడు తీస్తారండీ అంటే "పైనుంచి చెప్పాలి" అంటారు. ఆ పైనున్నది ఎవరో మాత్రం చెప్పరు.

సముద్రం పరిస్థితి మీద హెచ్చరికలిచ్చే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ వాళ్లు ఎత్తైన అలల హెచ్చరిక ఎత్తేస్తే సరిపోతుందా, లేక కలెక్టర్ ఆఫీసు నుంచి వేరే ఉత్తర్వు రావాలా? అనుభవమున్నవాళ్లకి సొంత పూచీ మీద అనుమతిచ్చే పద్ధతి చెన్నై కోవళంలోనో, మంగళూరు వైపో ఉందా? అర్జీ ఎవరి పేరున రాయాలి?

"గుట్టుగా యారాడ బీచ్‌కి వెళ్లిపో" అనే సలహా మాత్రం వద్దు. అక్కడి రాళ్ల సంగతి నాకు తెలుసు.