ఫ్లైవీల్ మార్చేటప్పుడు క్రాంక్ ఎండ్ ప్లే చూడాలా, అక్కర్లేదా?

కౌలురైతు: మాది పాత 3 సిలిండర్ల ట్రాక్టర్. ఫ్లైవీల్ (ఇంజిన్ వెనకుండే బరువు చక్రం) చుట్టూ ఉండే రింగ్ గేర్ పళ్లు అరిగి స్టార్టర్ పట్టడం లేదు. ఫ్లైవీల్ మీద వేడికి సన్న పగుళ్లు కూడా వచ్చాయి. బండిని రెండు ముక్కలు చేసి షెడ్డులో పెట్టారు, కొత్త ఫ్లైవీల్ తెచ్చాను. ఎండ్ ప్లే, అంటే క్రాంకు షాఫ్టు ముందుకీ వెనక్కీ జరిగే ఆట, చూసి బిగించమంటే మేస్త్రి "దానికీ దీనికీ సంబంధం లేదు" అంటున్నాడు. నిజమేనా? దమ్ములు దగ్గర పడ్డాయి, టెన్షన్‌గా ఉంది.

పాతజీపు: చూడకుండా బిగించనివ్వకండి. ఫ్లైవీల్ మారితే ఎండ్ ప్లే మారుతుంది. పాత ఫోక్స్‌వాగన్ బీటిల్‌లో ఫ్లైవీల్ వెనక మూడు షిమ్ములు (సన్నటి రేకు వాషర్లు) ఉంటాయి, వాటి మందం మార్చి 0.07 నుంచి 0.13 మి.మీ. మధ్యకి తెస్తారు.

షెడ్డుమేస్త్రి: ఆయన ట్రాక్టర్ గురించి అడిగితే మీరు బీటిల్ దగ్గరికి పోయారు. మన డీజిల్ ఇంజిన్లలో క్రాంకు ముందుకీ వెనక్కీ జరక్కుండా ఆపేవి మెయిన్ బేరింగ్ పక్కనుండే థ్రస్ట్ వాషర్లు. ఫ్లైవీల్ క్రాంకు చివర ఫ్లాంజికి బోల్టులతో కూర్చుంటుంది, అంతే. పది ఫ్లైవీళ్లు మార్చినా ఆట వెంట్రుకంత మారదు. ఫ్లాంజి శుభ్రంగా తుడవాలి, వెనక ఆయిల్ సీలు, పైలట్ బేరింగ్ చూసుకోవాలి, బోల్టులు టార్కు ప్రకారం బిగించాలి.

పాతజీపు: మారదు సరే. ఎంతుందో చూడొద్దా? నా జీపుకి ఒక షెడ్డులో ఇలాగే కొలవకుండా బిగించి పంపారు. కొన్నాళ్లకి క్లచ్ తొక్కినప్పుడల్లా ఇంజిన్ చప్పుడు మారేది. చాంబర్ (ఇంజిన్ కిందుండే ఆయిల్ తొట్టి) విప్పితే థ్రస్ట్ వాషర్ ముక్క అందులో పడి ఉంది. క్రాంకు గీసుకుపోయింది, కొత్త క్రాంకు వేయించాను.

షెడ్డుమేస్త్రి: క్లచ్ మీద కాలు పెట్టుకుని నడిపి ఉంటారు. అది షెడ్డు తప్పా?

డీజిల్‌పిచ్చి: పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

లేత్‌పని: మేస్త్రి గారు చెప్పింది నిజమే, కానీ కొలవడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. క్లచ్ తొక్కితే రిలీజ్ బేరింగ్ క్రాంకుని ముందుకి నెడుతుంది. దమ్ము చేసేవాళ్లు సగం క్లచ్‌లో ఎంతసేపు నడుపుతారో తెలిసిందే. డయల్ గేజ్ (సన్నటి కదలికని కొలిచే ముల్లు మీటరు) స్టాండు బ్లాకుకి బిగించి, ముల్లు ఫ్లాంజి మీద ఆనించండి. క్రాంకుని బారుతో ముందుకి నెట్టి సున్నా పెట్టుకుని, వెనక్కి లాగి చదవండి. క్రాంకు తిరగకూడదు.

షెడ్డుమేస్త్రి: గేజ్ దేనికి? స్క్రూడ్రైవర్ పెట్టి ఎగదోస్తే చేతికే తెలుస్తుంది.

లేత్‌పని: 0.2 మి.మీ.కీ 0.4 మి.మీ.కీ తేడా చేతికి తెలుస్తుందా?

షెడ్డుమేస్త్రి: నా చేతికి తెలుస్తుంది.

పాతజీపు: ఇదిగో, ఈ మాటే నా జీపు కొంప ముంచింది. కొలిస్తే లోపం బయటపడుతుందని మీకు భయం.

షెడ్డుమేస్త్రి: నాకెందుకండీ భయం! కొలిచి "ఎక్కువుంది, వాషర్లు మార్చాలి" అంటే రైతు ఏమంటాడో తెలుసా? "ఫ్లైవీల్ పని కోసం వస్తే ఇంజిన్ విప్పమంటున్నాడు, దోచుకుంటున్నాడు" అంటాడు. పైగా చాలా ట్రాక్టర్లలో చాంబర్ పోత ఇనుముది, ముందు యాక్సిల్ దానికే ఉంటుంది. దాన్ని దింపడమంటే ఆడుతూ పాడుతూ చేసే పని కాదు. వద్దని బండి తీసుకుపోతాడు, ఆరు నెలలకి వాషర్ ఊడితే మళ్లీ నా షెడ్డు ముందే గొడవ.

పాతజీపు: చెప్పడం మీ పని. చేయించాలో వద్దో తేల్చుకోవడం మా పని. చెప్పకపోతే తేల్చుకునేదెలా?

షెడ్డుమేస్త్రి: కాగితం మీద కొలత రాస్తా, "నాకు చెప్పారు" అని సంతకం పెట్టమనండి. అప్పుడు ఎన్ని బండ్లయినా కొలుస్తా.

డీజిల్‌పిచ్చి: షెడ్డా, రిజిస్ట్రార్ ఆఫీసా?

కౌలురైతు: సంతకం నేను పెడతాను. ఎక్కువొస్తే మాత్రం ఇప్పుడు ఇంజిన్ విప్పించే డబ్బు లేదు. అప్పుడేం చేయాలి?

లేత్‌పని: ముందు మీ మోడల్ మాన్యువల్‌లో పరిమితి చూడండి, ఒక్కో ఇంజిన్‌కి ఒక్కోలా ఉంటుంది. లోపలుంటే బిగించేయండి. దాటితే మాత్రం వాయిదా వేయొద్దు. ఇప్పుడైతే వాషర్లతో పోవచ్చు, కొన్ని ఇంజిన్లకి ఓవర్‌సైజువి (మందం ఎక్కువున్నవి) కూడా దొరుకుతాయి. క్రాంకు అరిగాక ఖర్చు ఎంతవుతుందో జీపాయన్నే అడగండి.

కౌలురైతు: సరే అన్నా. తెనాలి చుట్టుపక్కల డయల్ గేజ్ ఒక్కరోజుకి ఇచ్చేవాళ్లెవరైనా ఉన్నారా?