అప్‌డేట్: ఎల్‌శాట్ రీడింగ్ కాంప్రహెన్షన్‌లో ముందు ప్యాసేజీయా, ప్రశ్నలా?

అమెరికా, కెనడా లా స్కూళ్ల ప్రవేశ పరీక్ష అయిన ఎల్‌శాట్‌లోని ఈ విభాగంలో 35 నిమిషాలలో నాలుగు సెట్లను (సెట్ అంటే ప్యాసేజీ, దానిపై వచ్చే ప్రశ్నలు) పూర్తి చేయాలంటే ముందు ప్రశ్నలు చూడాలా, ప్యాసేజీ చదవాలా అని ఇంతకుముందు అడిగాను. ప్యాసేజీనే ముందు నిదానంగా చదవమని ఎక్కువమంది సలహా ఇచ్చారు. అది నిజంగా పనిచేసింది. వారందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

ఇప్పుడు ప్రతి పేరా చివర ఒక క్షణం ఆగి, రచయిత దానిని ఎందుకు రాశారని ఆలోచిస్తున్నాను: పాత సిద్ధాంతాన్ని పరిచయం చేయడానికా, దానిని ఖండించడానికా, లేక తన వాదానికి ఉదాహరణ చూపడానికా? ఈ అలవాటు వల్ల వివరాలు గుర్తులేకపోయినా అవి ఏ పేరాలో ఉన్నాయో తెలుస్తోంది కనుక, వివరాల ప్రశ్న వచ్చినప్పుడు జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా నేరుగా ఆ వాక్యానికే వెళ్లగలుగుతున్నాను. వాదన మలుపు తిరిగే చోట్లను, రచయిత అభిప్రాయం బయటపడే పదాలను తప్ప మరేదీ హైలైట్ చేయడం లేదు.

రెండు చిన్న ప్యాసేజీలను పోల్చే సెట్‌లో, రెండవది చదువుతున్నంతసేపూ మొదటి రచయిత దీనికి అంగీకరిస్తారా అని ప్రశ్నించుకోవడం ఎంతో ఉపకరించింది.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనవి, ప్యాసేజీలోని మాటలనే వాడుతూ అందులో లేని విషయాన్ని చెప్పే జవాబులు. ‘కొన్ని’ అన్నదాన్ని ‘అన్నీ’గా మార్చినవి మరీ ముఖ్యంగా. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు కాబట్టి, తేలని ప్రశ్నకు ఏదో ఒకటి గుర్తించి ముందుకు సాగుతున్నాను. విజ్ఞానశాస్త్ర ప్యాసేజీలకు మాత్రం ఇంకా ఎక్కువ సమయమే పడుతోంది. ఇకపై సాధన వాటిమీదే.